మైకు బొజ్జన్న మాట్లాడని ఇన్నింగ్స్

పత్తికొండ టమాటా మార్కెట్‌లో పొద్దున్నే వేలం పాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాని బొజ్జన్న గొంతు లేస్తే రైతులు టీ గ్లాసులు పక్కన పెట్టి లేచి నిలబడతారు. మిగిలినవాళ్ళు గంపను పాడతారు. బొజ్జన్న గంప వెనకున్న మనిషిని పాడతాడు.

"ఇదప్పా, వీరభద్ర తోట కాయ! పోయినేడు వానకు తోటంతా మట్టిపాలైతే నెత్తిన చెయ్యి పెట్టుకోని కూచోలేదు ఈ మనిషి. మళ్ళా నారు పోసినాడు. నొక్కి చూడండి కాయను. ఆయప్ప మాదిరే ఉండాది, గట్టిగా!"

వీరభద్ర సిగ్గుపడి తువ్వాలు సర్దుకుంటాడు. కొనేవాడు నవ్వుతూనే ఒక మాట పైకి పాడతాడు.

బొజ్జన్నకు యాభై దాటాయి. సన్నటి మనిషి, పొడుగు మెడ. ఆ మెడలోంచి అంత గొంతు ఎట్లా వస్తుందో కొత్తవాళ్ళకు అంతు చిక్కదు. పుట్టింది పత్తికొండకు పడమటి పక్క మెట్ట పల్లెలో. చదువు ఏడో తరగతితో ఆగింది. కొన్నాళ్ళు వేరుశనగ చేలల్లో కూలికి పోయాడు, ఆ తర్వాత ఒక మైకుసెట్టు అంగట్లో వైర్లు లాగే పనికి కుదిరాడు. పెళ్ళిళ్ళకూ జాతరలకూ హారన్లు కట్టడం, మైకు పలుకుతోందో లేదో ఊది చూడడం, అంతవరకే అతని పని.

ఒక ఏడు శివరాత్రికి బండలాగుడు పోటీలు పెట్టారు. ఎద్దుల జతల గురించి మైకులో చెప్పడానికి దూరంనుంచి పిలిపించిన పెద్దమనిషికి రెండో జతకే గొంతు పూడుకుపోయింది. కాడికి కట్టిన ఎద్దులు బుసలు కొడుతున్నాయి. జనం ఈలలు వేస్తున్నారు. పోటీలు పెట్టినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. వైర్ల దగ్గర కూర్చున్న బొజ్జన్న లేచి మైకు తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. అప్పుడు బరిలోకి వస్తున్న జత ఎవరిదో, దాంట్లో ఎడమ పక్క ఎద్దు ఏ సంతలో దొరికిందో, కిందటేడు మోకాళ్ళ మీద పడి కూడా బండను వదలకుండా ఎట్లా ఈడ్చిందో చెప్పాడు. అతను చెప్పడం అయ్యేసరికి చెట్ల నీడల్లో ఉన్నవాళ్ళంతా బరి పక్కకు చేరారు. ఆ ఎద్దు అడుగేస్తే జనం కూడా అడుగేశారు.

అప్పటినుంచి అతను మైకు బొజ్జన్న. పశ్చిమ కర్నూలు పల్లెల్లో ఎక్కడ బండలాగుడు జరిగినా అతనికే పిలుపు. "బయట మైకు నీది, ఇంట్లో మైకు నాది" అంటుంది భార్య లక్ష్మక్క. ఆ ఒప్పందం ఇద్దరికీ సమ్మతమే.

తన పని మీద బొజ్జన్నకు ఏనాడూ అనుమానం లేదు. ఎవరైనా అడిగితే ఒకటే చెప్తాడు. "జనం ఎద్దును చూసేదానికి వస్తారనుకుంటాండారా? కాదప్పా. ఆ ఎద్దు ముందు ఏం చేసిందో తెలిస్తేనే ఈ పొద్దు ఏం చేస్తాదోనని కండ్లు తెరుచుకోని చూస్తారు."

రెండేళ్ళ కిందట కార్తీక మాసం ముందర, పద్మశ్రీ మేడం అతన్ని వెతుక్కుంటూ మార్కెట్‌కు వచ్చింది. ఆమె కర్నూల్లో ఒక ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. అత్తగారి ఊరు పత్తికొండ పక్కనే కాబట్టి బొజ్జన్న గొంతు ఆమె ఎరిగిందే.

"బొజ్జన్నా, కర్నూల్లో ఆడపిల్లల బేస్‌బాల్ పోటీలు పెడ్తాండాం. సీమ జిల్లాలన్నీ వస్తాయి. నువ్వే మైకు పట్టాల."

"వాలీబాల్ తెల్సు మేడం. ఇదేం బాలు?"

పద్మశ్రీ వంగి పక్క గంపలోంచి నాలుగు టమాటాలు తీసింది. మట్టిలో చతురస్రంగా నాలుగు మూలలా పెట్టింది.

"ఇది ఇల్లు. బ్యాట్ పట్టుకున్న పిల్ల ఈడ నిలబడ్తాది. బంతి కొట్టి, ఈ మూడు గడులూ తొక్కి, మళ్ళా ఇంటికి చేరితే ఒక రన్. నడుమ నిలబడి బంతి విసిరే పిల్లను పిచర్ అంటారు. ఎవుర్నీ ఇల్లు కదలనీకుండా చూసేది ఆ పిల్ల పని. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోతాది. ఈ పోటీలో అట్లాంటివి ఏడు వంతులు. ఇన్నింగ్స్ అంటారు."

బొజ్జన్న టమాటాల చుట్టూ ఒకసారి నడిచి చూశాడు. అర్థమైంది. ఇంట్లోంచి బయలుదేరి ఇంటికి రావాలి, రానీయకూడదు. ఇంత సుళువైన ఆటను జనం ఎందుకు చూడరు?

"చూడరు బొజ్జన్నా" అంది పద్మశ్రీ. "పోయినేడు పిల్లోళ్ళ అమ్మనాయిన్లు తప్ప ఒక్కరూ రాల్యా. వాళ్ళు గూడా మధ్యాన్నానికి లేచిపోయిరి."

"ఈ ఆటలో మొనగాండ్లు ఎవురు మేడం? ఎవురేం చేసినారు?"

పద్మశ్రీ మొహం వెలిగింది. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఒకప్పుడు జాతీయ పోటీల దాకా ఆడింది. ఆడడం మానేశాక కూడా, ఆ ఆటనే బతుకుతెరువు చేసుకున్న అమెరికా ఆటగాళ్ళ గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చింది.

ఆ నెలంతా మార్కెట్ పని ముగించుకుని బొజ్జన్న కర్నూలు బస్సెక్కేవాడు. సాయంత్రం పిల్లలు మైదానంలో బంతులు విసురుకుంటుంటే గట్టు మీద కూర్చుని పద్మశ్రీ చెప్పేది, బొజ్జన్న వినేవాడు. అతను వినే తీరు వేరు. మధ్యలో ఆపి అడిగేవి కూడా వేరు.

కాల్ రిప్కెన్ అనే ఆటగాడు పదహారేళ్ళకు పైగా ఒక్క ఆట కూడా మానకుండా వరసగా రెండు వేల ఆరువందల ముప్పై రెండు ఆటలు ఆడాడని ఆమె చెప్తే, "జరం రాల్యా ఆయప్పకు?" అని అడిగాడు.

"వచ్చే ఉంటాది. ఆడినాడు. పాత రికార్డు దాటిన రోజు ఆట నిలిపేసి జనం ఇరవై నిమిషాలకు పైగా లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు."

హ్యాంక్ ఆరన్ అనే నల్లజాతి ఆటగాడు, బంతిని మైదానం బయటికి కొట్టి ఇల్లు చేరే హోమ్ రన్లలో, బేబ్ రూత్ అనే తెల్లజాతి మహా మొనగాడి లెక్కను దాటబోతున్నాడని తెలిసి, చంపుతామని బెదిరిస్తూ ఎంతమంది ఉత్తరాలు రాశారో చెప్పింది. ఆరన్ ఆగలేదు. 1974లో ఏడువందల పదిహేనోది కొట్టి ఇంటికి చేరుకుంటే, వాళ్ళమ్మ మైదానంలోకి వచ్చి కొడుకును గట్టిగా పట్టేసుకుందట. "ఆయమ్మ పేరేంది మేడం?" అన్నాడు బొజ్జన్న. పద్మశ్రీ వెతికి చెప్పింది, ఎస్టెల్లా అని. బొజ్జన్న ఆ పేరు నాలుగైదుసార్లు పలికి నోటికి తెచ్చుకున్నాడు.

1931లో జాకీ మిచెల్ అనే పదిహేడేళ్ళ పిల్ల, ఒక ప్రదర్శన ఆటలో, అదే బేబ్ రూత్‌నూ ఆయన పక్కవాడు లూ గెహ్రిగ్‌నూ వరసగా అవుట్ చేసిందన్న మాట మాత్రం పద్మశ్రీ కొంచెం తటపటాయిస్తూ చెప్పింది. "అది ముందే కుదుర్చుకోని ఆడిందని గూడా కొందరంటారు బొజ్జన్నా."

"అంటారు మేడం. ఎవురన్నా గెలిస్తే మా బండలాగుడులో గూడా అంటారు. ఎద్దుకు ఏందో తాపినారంటారు. మీరు రెండూ చెప్పినారు, నేను గూడా రెండూ చెప్తా. జనమే తేల్చుకుంటారు."

అన్నిటికంటే అతనికి నచ్చింది డాన్ లార్సెన్ కథ. 1956లో, ఏడాదికంతటికీ పెద్ద పోటీ వరల్డ్ సిరీస్. లార్సెన్ ఆ పోటీలోనే ముందొక ఆటలో చిత్తుగా దెబ్బ తిని, రెండో ఇన్నింగ్స్ కూడా ముగించలేక బయటికి వచ్చేసినవాడు. అట్లాంటివాడి చేతికి మళ్ళీ బంతి ఇచ్చారు. ఆ రోజు తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ ఎదటి జట్టునుంచి వరసగా ఇరవై ఏడుమంది వచ్చారు, ఇరవై ఏడుమందీ అవుటయ్యారు. ఒక్కరు కూడా మొదటి గడి తొక్కలేదు. దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. వరల్డ్ సిరీస్‌లో అట్లాంటిది అంతకు ముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

"ఆ ఆట జరుగుతాంటే ఆయన జట్టువాళ్ళు ఎవురూ ఆయనతో మాట్లాడల్యా" అంది పద్మశ్రీ. "ఆయనే పోయి మాట్లాడబోతే పక్కనున్నోడు లేచి దూరం పోయినాడంట. పిచర్ ఆ పని మీద ఉన్నప్పుడు దాని మాట నోటితో అనగూడదు. అంటే చెడిపోతాదని వాళ్ళ నమ్మకం."

బొజ్జన్న తలూపాడు. "దిష్టి" అన్నాడు. ఇంకేమీ వివరం అడగలేదు.

పోటీలు మొదలైన రోజు ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళను ఒక ఆటోలో ఎక్కించవచ్చు. పోటీల కార్యదర్శి ఉమామహేశ్వర బొజ్జన్న చేతికి నియమాలు అచ్చేసిన కాగితం ఇచ్చి, ఇదే చదవమన్నాడు. ఉమామహేశ్వర చెడ్డవాడేమీ కాదు. ఎండలో నిలబడి మైదానానికి సున్నం గీతలు కూడా తనే వేయించినవాడు. కాకపోతే ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలనే మనిషి. బొజ్జన్న ఆ కాగితం ఒక గంటసేపు చదివాడు. ఉన్న కాసింతమందిలో సగం మంది లేచిపోయారు. గోడవతల రోడ్డు మీద ఆటోలు పోతూ వస్తూ ఉన్నాయి.

మధ్యాహ్నం ఆటకు బొజ్జన్న కాగితం మడిచి కుర్చీ కింద పెట్టాడు. హారన్లలో రెండింటిని రోడ్డు వైపు తిప్పించాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఓ ఆటో అన్నా! నువ్వే, పచ్చ చొక్కా! ఒక్క నిమిషం ఆపప్పా. నువ్వు ఏడాదిలో ఎన్ని రోజులు బండి తీస్తావు? పండగ రోజు తీయవు. జరమొస్తే తీయవు. ఇనుకో, పదహారేండ్లు ఒక్క రోజు గూడా పనికి నాగా పెట్టనోడు ఒకడుండాడు, ఆయప్ప కథ చెప్తా, లోపలికి రా!"

పచ్చ చొక్కా ఆటోవాడు నిజంగానే ఆగాడు. గోడ మీదనుంచి తొంగి చూసి "ఒక్క రోజూ పెట్టల్యా?" అన్నాడు.

"పెట్టల్యా! ఆయప్ప ఆడింది ఈ ఆటే. అదో, మన నంద్యాల పాప నిలబడిండాదే, అట్లాంటి చోటే నిలబడి ఆడినాడు!"

సాయంత్రానికి గోడ మీద మనుషులు, గోడ లోపల మనుషులు. పిల్లలు స్థలాలు మారే ఖాళీల్లో బొజ్జన్న ఒక్కో కథ చెప్పాడు, ఆట మొదలవగానే కథ ఆపి ఆటను చెప్పాడు. ఎస్టెల్లమ్మ కొడుకును పట్టుకున్నచోట పూలమ్ముకునే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. జాకీ మిచెల్ కథ విని బ్యాట్ పట్టుకున్న పిల్లలే నిలబడిపోతే అంపైరు కేకేయాల్సి వచ్చింది.

ఆట ముగిశాక ఉమామహేశ్వర మైకు గుడారంలోకి వచ్చాడు. "బొజ్జన్నా, ఇది బండలాగుడు కాదు. రాష్ట్రం నుంచి పరిశీలకులు వచ్చినారు. కొంచెం పద్ధతిగా చెప్పు."

"జనం ఎంతమంది వచ్చినారో చూసినారు గదా సార్. రేపు ఇంగా వస్తారు. ఇదే నా పద్ధతి."

ఆ మాటలో పొగరు లేదు. ఎండగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. మరుసటి రోజు ఉమామహేశ్వర తనే ఇంకో రెండు షామియానాలు వేయించాడు. ఆ రోజు బొజ్జన్న లార్సెన్ కథ చెప్పాడు, నోరు విప్పకూడదనే నమ్మకంతో సహా.

మూడో రోజు ఆఖరి ఆట. కర్నూలుకూ కడపకూ. కర్నూలు పిచర్ శివజ్యోతి, పదహారేళ్ళది, కోడుమూరులో చీరలు నేసే ఇంటి పిల్ల. మాట తక్కువ. బంతి విసిరే ముందు ఎడమ భుజం మీదుగా ఒక్కసారి వెనక్కి చూసి, పెదవి కొరుక్కుని విసురుతుంది. పద్మశ్రీ తన పిల్లలందరిలో ఆ పిల్ల మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకుంది.

మొదటి ఇన్నింగ్స్‌లో కడప పిల్లలు ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పోయారు. రెండోది అంతే. మూడోదాంట్లో కర్నూలు ఒక రన్ చేసింది. నాలుగో ఇన్నింగ్స్ అయ్యాక బొజ్జన్న రిప్కెన్ కథ మళ్ళీ ఎత్తుకోబోతూ నల్లబోర్డు వైపు చూశాడు. కడప పేరు ఎదురుగా సున్నాలు. ఆ సున్నాల్లో ఇంకో సంగతి ఉందని అతనికి అప్పుడు తట్టింది. కడపలో ఇంతవరకూ ఒక్క పిల్ల కూడా మొదటి గడి తొక్కలేదు.

కథ మింగేశాడు. "కర్నూలు బ్యాటింగ్" అని మాత్రం అన్నాడు.

అయిదో ఇన్నింగ్స్‌లో మరో ముగ్గురు అవుటయ్యారు. అప్పుడు షామియానా కింద ఒక పెద్దాయన లేచాడు. "బొజ్జన్నా! చూసినావా? ఆ లార్సెన్ మాదిరి ఈ పాప గూడా..."

"అప్పా! నోరు మూయప్పా!" బొజ్జన్న కేక హారన్లన్నిట్లో మోగింది. పెద్దాయన నాలుక కరుచుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క కేకతో మైదానమంతటికీ సంగతి తెలిసిపోయింది. నిన్న కథ విన్నవాళ్ళు విననివాళ్ళ చెవుల్లో చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. బఠాణీలు అమ్మేవాడు కూడా అరవడం మానేశాడు.

బొజ్జన్న మైకు మీట నొక్కి ఆపేశాడు. ముప్పై ఏళ్ళలో ఆట జరుగుతుండగా అతను మైకు ఆపడం అదే మొదలు. గొంతులో మాటలు కోళ్ళ గంపలో కోళ్ళలాగా కొట్టుకుంటున్నాయి. అయినా పెదవి కదపలేదు.

ఆరో ఇన్నింగ్స్ మొదలవుతుండగా గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. బహుమతులిచ్చే ముఖ్య అతిథి, దావీదురాజు. పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఉమామహేశ్వర పూలదండతో ఎదురేగి, ఆయన్ను నిలబెట్టి, గుడారానికి పరుగెత్తుకొచ్చాడు.

"బొజ్జన్నా, గెస్టు వచ్చినారు. ఆట ఆపమని చెప్పు. పిల్లోళ్ళు రెండు వరసల్లో నిలబడితే పరిచయం చేసుకుంటారు. ఆమీద రెండు మాటలు మాట్లాడ్తారు."

"చెప్పను సార్."

"ఏమన్నావు?"

"ఇప్పుడు ఆట ఆపితే పాప చెయ్యి చల్లబడ్తాది. అంతకంటే పెద్ద సంగతి ఇంగొకటుండాది. అది నేను నోటితో అనగూడదు. బోర్డు చూడండి, మీకే తెలుస్తాది."

ఉమామహేశ్వర బోర్డు చూశాడు. అతనికి సున్నాలే కనిపించాయి. "ఆయన్ని నిలబెట్టి వచ్చినానప్పా! ఆ మైకు నీకిచ్చింది ఎవురు?"

"మీరే సార్. ఆట అయిపోతానే మీ చేతికే ఇస్తా."

అని బొజ్జన్న వైరు ఊడదీసి, మైకును చంకలో పెట్టుకుని, నేరుగా గేటు దగ్గరికి నడిచాడు. నమస్కారం చేసి, దావీదురాజు చెవి దగ్గర వంగి రెండు మాటలు చెప్పి, బోర్డు వైపు చూపించాడు. ఆయన మైదానం వైపు చూశాడు. బోర్డు చూశాడు. మెడలో దండ తీసి కారు డ్రైవరుకిచ్చాడు.

"అంటే, నోరు మూసుకోని కూచోమంటావు."

"అంతే సార్. కొంచేపు."

"ముప్పై ఏండ్లు పోలీసు ఉద్యోగం చేసినా. నన్ను నోరు మూసుకోమన్నోడివి నువ్వే మొదలు" అన్నాడు దావీదురాజు. వేదిక మీద వేసిన సోఫా వదిలేసి, గీత పక్కనే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఉమామహేశ్వర పక్కన నిలబడి చెమట తుడుచుకున్నాడు. బొజ్జన్న గుడారానికి తిరిగి వచ్చి మైకుకు వైరు తగిలించాడు. ఆరో ఇన్నింగ్స్‌లోనూ కడప ముగ్గురూ అవుటయ్యారు.

ఏడోది, ఆఖరిది. మొదటి పిల్ల మూడు బంతులకూ బ్యాట్ గాలిలోకే ఊపి అవుటైంది. రెండో పిల్ల కొట్టిన బంతి పైకి లేచి చాలాసేపు ఎండలో వెలిగి క్యాచర్ గ్లోవ్‌లో పడింది. ఇరవైమంది అయ్యారు. ఇంకొక్క పిల్ల.

వచ్చింది రత్నమణి. పొట్టి పిల్ల, హెల్మెట్ కళ్ళ మీదికి జారుతుంటే రెండుసార్లు పైకి నెట్టుకుంది. రెండు బంతులు వదిలేసింది, ఒకటి తప్పింది. తర్వాతి బంతికి బ్యాట్ తగిలిన చప్పుడు మైదానమంతా వినిపించింది. బంతి శివజ్యోతి తల మీదుగా, రెండో గడి మీదుగా వెళ్ళి పచ్చిగడ్డిలో పడింది. రత్నమణి మొదటి గడి మీద నిలబడి ఎగిరింది. కడపవాళ్ళు కుర్చీలెక్కారు.

మిగతా జనం నోట "అయ్యో" అని ఒక్క మాట. శివజ్యోతి నడుం మీద చేతులు పెట్టుకుని, బంతి పోయిన వైపే చూస్తూ నిలబడింది. భుజాలు జారిపోయాయి. ఆమెకూ తెలుసు. మొదటినుంచీ తెలుసు. పద్మశ్రీ అంపైరుకు సైగ చేసి ఆట ఆపించి, మైదానం నడుమకు బయలుదేరింది.

బొజ్జన్న మైకు మీట నొక్కాడు. ఇక నోరు కట్టేసుకోవాల్సిన అవసరం లేదు.

"కడప రత్నమణీ! ఏం కొట్టినావమ్మా! ఇరవైమంది చేయలేని పని చేసినావు. ముందు ఆ పాపకు చప్పట్లు కొట్టండప్పా, కర్నూలోళ్ళు గూడా కొట్టల్ల!"

కొట్టారు. మొదట మనసు లేకుండా, తర్వాత గట్టిగా.

"ఇంగ ఒక చిన్న కథ. మేడం నడిచిపొయ్యి వచ్చేలోగా అయిపోతాది. 1959లో హార్వీ హ్యాడిక్స్ అని ఒకాయప్ప. ఆ పొద్దు ఒళ్ళు బాగలేదు, జలుబు. అయినా బంతి పట్టినాడు. ఆట తొమ్మిది ఇన్నింగ్స్. తొమ్మిదీ అయిపాయ, ఒక్కడూ గడి తొక్కల్యా. ఆయన జట్టోళ్ళు ఒక్క రన్ను గూడా చేయలేదు గాబట్టి ఆట ఇంగా సాగె. పది, పదకొండు, పన్నెండు! ముప్పై ఆరుమందిని వరసగా పంపించినాడు. పదమూడోదాంట్లో సొంత జట్టోడు ఒక బంతి తప్పు విసిరె. ఒకడు గడి ఎక్కె. ఆమీద ఒక్క దెబ్బ పడె. ఆట పాయ. ఓడిపోయినాడు!"

జనం నిట్టూర్చారు. బొజ్జన్న గొంతు పెంచాడు.

"ఆ పొద్దు గెలిచిన జట్టు పిచర్ పేరు నన్ను అడగొద్దండి. నాకు తెల్దు. ఓడిన ఆయప్ప పేరు మాత్రం ఇన్నేండ్లకు పత్తికొండోడు కర్నూల్లో నిలబడి చెప్తాండాడు. హార్వీ హ్యాడిక్స్! శివజ్యోతమ్మా, ఆయప్ప ఓడిపోయినాడు. నువ్వు ఓడల్యా. ఒక రన్ను మనదే ఎక్కువుండాది. ఇంగొక్క పాపే!"

మైదానం నడుమ పద్మశ్రీ ఏం చెప్పిందో ఎవరికీ వినిపించలేదు. శివజ్యోతి మాత్రం గుడారం వైపు తిరిగి చూసింది. మొహం తుడుచుకుంది. ఎడమ భుజం మీదుగా రత్నమణిని ఒకసారి చూసి, పెదవి కొరుక్కుంది.

కడప కెప్టెన్ బ్యాట్ పట్టింది, అందరికంటే పొడుగు పిల్ల. మొదటి బంతి పడుతుండగానే, కెప్టెన్ కొట్టేదాకా ఆగకుండా, రత్నమణి రెండో గడికి పరుగు తీసి దుమ్ములో జారింది. చేరుకుంది. ఇప్పుడు ఒక గట్టి దెబ్బ పడితే ఆట సమానం. దావీదురాజు కుర్చీలోంచి లేచాడు. రెండో బంతి తప్పింది. మూడో బంతిని కెప్టెన్ బలమంతా పెట్టి కొట్టింది. బంతి నేలను తగిలి బుల్లెట్లా శివజ్యోతి కాళ్ళ దగ్గరికే వచ్చింది. పిల్ల వంగింది, గ్లోవ్‌లో పట్టింది, తొందరపడలేదు. ఒక అడుగు వేసి, కెప్టెన్ చేరేలోగా అందేటట్టు మొదటి గడికి విసిరింది. అంపైరు చెయ్యి లేచింది. అవుట్.

బొజ్జన్న అన్న మాటలు ఎవరికీ వినబడలేదు. హారన్లకంటే జనం గొంతే ఎక్కువైంది. పచ్చ చొక్కా ఆటోవాడు గోడ మీదనుంచి లోపలికి దూకాడు. శివజ్యోతిని జట్టు పిల్లలు ఎత్తుకున్నారు. ఆ పిల్ల కిందికి దిగి, రత్నమణి దగ్గరికి పోయి చెయ్యి కలిపింది.

బొజ్జన్న మాట ప్రకారం మైకు తీసుకెళ్ళి ఉమామహేశ్వర చేతికిచ్చాడు. కార్యదర్శి దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ అతని చేతికే ఇచ్చాడు. "సార్ గురించి నువ్వే చెప్పు. నేను చెప్తే జనం పోతారు" అన్నాడు. బొజ్జన్న చెప్పాడు, దావీదురాజు ఉద్యోగంలో చేసిన మంచి పనులేమైనా ఉన్నాయా అని పక్కవాళ్ళను అడిగి మరీ చెప్పాడు. బహుమతులిచ్చేటప్పుడు ఆయన ఉపన్యాసం చేయలేదు. "ఇంతసేపు మాట్లాడకుండా ఉండడం నేర్చుకున్నా, దాన్ని చెడగొట్టుకోను" అని కూర్చున్నాడు.

ఆ రోజు చూసిన రాష్ట్ర పరిశీలకులు శివజ్యోతిని రాష్ట్ర జట్టుకు తీసుకున్నారు. అదే జట్టులో రత్నమణి కూడా ఉంది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారని పద్మశ్రీ చెప్పింది. బొజ్జన్న పొద్దున్నే టమాటాలు పాడుతున్నాడు, బండలాగుడులో ఎద్దుల్ని పాడుతున్నాడు, ఎక్కడ బేస్‌బాల్ పెట్టినా బస్సెక్కి పోయి మైకు పడుతున్నాడు.

పోయినేడు పోటీలు కడపలో జరిగాయి. బొజ్జన్న లార్సెన్ కథ చెప్పాడు, హ్యాడిక్స్ కథ చెప్పాడు, వాళ్ళ తర్వాత వరసలోనే కోడుమూరు శివజ్యోతి కథ ఎత్తుకున్నాడు. ఇరవైమంది అయ్యారు, ఇంకొక్క పిల్ల, అనేసరికి జనంలోంచి ఒకామె లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నిలుపన్నా! ఆ ఒక్క పిల్ల మా రత్నమణే. నా కూతురు. కథలో ఆ పిల్లది ఒక్క దెబ్బేనా? దాని గురించి ఏం తెల్సు నీకు?"

బొజ్జన్న కథ ఆపాడు. మైకు పట్టుకుని గుడారం దిగి, వైరు ఎంత దూరం వస్తే అంత దూరం ఆమె దగ్గరికి నడిచాడు.

"నాకు తెలిసింది ఆ దెబ్బేనమ్మా. తక్కింది నువ్వు చెప్పు" అని మైకు ఆమె చేతికిచ్చి, గీత పక్కన నేల మీద కూర్చున్నాడు.